బడి గంటలో చోటు దొరకని విద్యలు: హైదరాబాదు పాతబస్తీ నేపథ్యంలో వక్తృత్వం, వాదం, పత్రికారచన

పాఠశాలలో పత్రికారచన, వక్తృత్వం, వాదం అనే మూడు విద్యలను విద్యార్థి తన ఇష్టం మేరకు ఎంచుకొని చదివే ఐచ్ఛిక విషయాలుగా బోధించే పద్ధతి అమెరికా ఉన్నత పాఠశాలలలో ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో బలపడింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రిపన్ కళాశాలకు చెందిన బ్రూనో జేకబ్ 1925లో పాఠశాల వక్తల కోసం నేషనల్ ఫోరెన్సిక్ లీగ్‌ను నెలకొల్పాడు. మరుసటి ఏడు, పాఠశాల పత్రికలు నడిపే విద్యార్థుల గౌరవార్థం, అయోవా విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్యాలప్ ప్రభృతులు క్విల్ అండ్ స్క్రోల్ సంఘాన్ని స్థాపించారు. అదే 1926లో, మే 10న, హైదరాబాదు నగరంలో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వాన గోలకొండ పత్రిక తొలి సంచిక వెలువడింది. ఈ సంగతుల మధ్య ప్రత్యక్ష సంబంధమేమీ లేదు. అయితే ఒకచోట పదిహేనేండ్ల పిల్లలకు బడి గంటలో నేర్పుతున్న విద్యలను మరొకచోట పెద్దలు సైతం బడి వెలుపల, ప్రభుత్వ అనుమతుల నడుమ, ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవలసి వచ్చిందన్నది గమనించదగిన విషయం.

నిజాం రాజ్యంలో తెలుగు విద్యాచరిత్రను పరిశీలించినవారు ప్రధానంగా బోధనామాధ్యమం అనే ప్రశ్న చుట్టూ తిరిగారు. పిల్లవాడు ఏ భాషలో చదివాడు, ఏ భాషలో పరీక్ష రాశాడు అనేవే వారి ప్రశ్నలు. అవి అవసరమైన ప్రశ్నలే. కాని పిల్లవాడు పదిమందిలో నిలబడి ఏ భాషలో మాట్లాడాడు, ఎదుటివాని మాటను ఏ భాషలో ఖండించాడు, చూసిన సంగతిని పదిమందికీ తెలిసేటట్లు ఏ భాషలో రాశాడు అనే ప్రశ్నలు వాటి నీడలో ఉండిపోయాయి. చదవను, రాయను వచ్చిన భాష వేరు. సభలో నోరు తెరవడానికి ధైర్యమిచ్చే భాష వేరు. ఈ రెండింటి మధ్య ఎడం హైదరాబాదులో ఉన్నంత స్పష్టంగా తెలుగు ప్రాంతాలలో మరెక్కడా కనిపించదు. ఆ ఎడం ఎట్లా ఏర్పడిందో, పాఠశాల దానిని ఎంతవరకు పూడ్చగలిగిందో పాతబస్తీ నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూసీకి ఈవల, ఆవల

పాతబస్తీ అంటే మూసీనదికి దక్షిణాన చార్మినారు, పత్థర్‌గట్టీ, మీరాలం మండీ, శాలిబండ, గౌలిపుర, లాల్‌దర్వాజ మొదలైన పేటల సముదాయం. ఉర్దూ వాడుక ఎక్కువైనా ఇది తెలుగు లేని ప్రాంతం ఎన్నడూ కాదు. గౌలిపుర, లాల్‌దర్వాజ పేటలలో బోనాల పాట వినిపించినంతకాలం ఆ మాట అనడానికి వీలులేదు. అయినా తెలుగువారు ఇరవయ్యవ శతాబ్దారంభంలో నెలకొల్పుకొన్న సంస్థల చిరునామాలు చూస్తే అవన్నీ నదికి ఉత్తరాన కనిపిస్తాయి. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి, 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు, 1928 నాటి నారాయణగూడ ఆంధ్ర బాలికల పాఠశాల, అన్నీ ఆవలి ఒడ్డువే. మరాఠీవారి వివేకవర్ధినీ పాఠశాల కూడా అటువైపుదే.

దీనికి వర్తకుల, వకీళ్ల నివాసాలు అటువైపు పెరగడం ఒక కారణం. అంతకంటె బలమైన కారణం రాజకీయమైనది. చాదర్‌ఘాటు వంతెన దాటితే బ్రిటిషు రెసిడెన్సీ బజారులు. 1933లో తిరిగి నిజాం ప్రభుత్వానికి అప్పగించేవరకు వాటిపై అధికారం రెసిడెంటుది. పైన చెప్పిన సంస్థలన్నీ ఆ హద్దులలోనే లేవు గాని, సభ అన్నది జరపగల వాతావరణం ఆ పరిసరాలలో ఏర్పడింది. రాజ్యం తక్కిన భాగంలో ఆ వీలు లేదు. 1920లలో వచ్చిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తరువు ప్రకారం సభ జరపాలంటే ముందుగా ప్రభుత్వానుమతి కావాలి. ఖానగీ బడులకు, అనగా ప్రైవేటు పాఠశాలలకు, ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన నిబంధనలు కూడా ఆ దశాబ్దానివే. ఒక ఉత్తరువు మాటను, మరొకటి బడిని అదుపు చేశాయి. వాటిని వేర్వేరుగా చర్చించడం చరిత్రకారులకు అలవాటైంది గాని, బడిలో మాట్లాడడం నేర్పే విద్యకు ఈ రెండూ కలిసే అడ్డుగోడ అయ్యాయి.

మాట్లాడినందుకు ఉపాధ్యాయుడే దేశబహిష్కృతుడైన ఉదంతం ఇంతకు మునుపే ఉంది. హైదరాబాదు కళాశాల అధిపతి అఘోరనాథ చటోపాధ్యాయ, అనగా సరోజినీ నాయుడు తండ్రి, చాందా రైలుమార్గం ఒప్పందాన్ని ప్రజలలో చర్చకు పెట్టాలని కోరినందుకు 1883లో రాజ్యం నుంచి పంపివేయబడ్డాడు. ఒప్పందపు పత్రాలను బయటపెట్టండి, పదిమందీ చర్చిస్తారు అన్నదే ఆ కోరిక సారాంశం. ఈనాటి పాఠశాల వాదపోటీలో పెట్టదగిన అంశం అది. అనంతరం ఆయనను తిరిగి రానిచ్చారు గాని, ఆ ఉదంతం నేర్పిన పాఠం మిగతా ఉపాధ్యాయులకు గుర్తుండకపోదు. పదేండ్ల తరువాత, 1893 ఫిబ్రవరి 13న, సికిందరాబాదు మహబూబ్ కళాశాలలో వివేకానందుడు ప్రసంగించాడు. ఆ సభకు ఆటంకం కలుగలేదు. సికిందరాబాదు కంటోన్మెంటు కావడం, ప్రసంగం ఆంగ్లంలో సాగడం, విషయం రాజ్యవ్యవహారం కాకపోవడం అనే మూడు సంగతులూ దానికి తోడ్పడ్డాయనుకోవచ్చు.

తక్రీరు, బైత్‌బాజీ

పాతబస్తీలో వక్తృత్వశిక్షణ లేదనడం పొరపాటు. అది తెలుగులో లేదు. ఉర్దూలో మాత్రం దానికి పేరు, పద్ధతి, శ్రోతలు, గురుపరంపర ఉన్నాయి. ప్రసంగాన్ని తక్రీరు అన్నారు, రచనను తహ్రీరు అన్నారు, వాదాన్ని బహస్, ముబాహసా అన్నారు. మీలాదు సభలు యువవక్తకు తొలి వేదికలు. ఆ వేదికల మీద పేరు గడించినవారిలో అగ్రగణ్యుడు బహాదూర్ యార్ జంగ్. 1938 నుంచి 1944లో మరణించేవరకు మజ్లిస్‌కు ఆయన నాయకుడు. ఆయన రాజకీయాలతో విభేదించినవారు సైతం ఆయన వాగ్ధాటిని ఒప్పుకొన్నారు. బడిపిల్లలకు బైత్‌బాజీ ఉండేది. ఒకడు చదివిన పద్యపాదం ఏ అక్షరంతో ముగిసిందో ఆ అక్షరంతో మొదలయ్యే పద్యాన్ని రెండవవాడు అందుకోవాలి. మన అంత్యాక్షరికి ఇది సోదరి. కంఠస్థం, సమయస్ఫూర్తి, ఉచ్చారణ, సభాకంపం పోవడం అనే నాలుగూ ఈ ఆటలోనే అలవడతాయి. అవధానంలోని సమస్యాపూరణం, అప్రస్తుత ప్రసంగం కోరే గుణాలు కూడా ఇవే. అవధానం పెద్దల విద్యగానే నిలిచిపోగా బైత్‌బాజీ పిల్లల ఆటగా బడిలోకి దిగింది. వ్యత్యాసం అక్కడ ఉంది. ఒక భాషలోని వక్తృత్వం పిల్లల చేతికి రావాలంటే అది ముందు ఆటగా మారాలన్న సంగతిని తెలుగు బోధకులు ఆలస్యంగా గుర్తించారు. కొందరు ఇప్పటికీ గుర్తించలేదు.

మూసీ దక్షిణపు ఒడ్డున, హైకోర్టు పక్కన, విన్సెంట్ ఎష్ రూపొందించిన భవనంలోకి 1921లో సిటీ హైస్కూలు వచ్చింది. 1929లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధమై, సిటీ కాలేజీ అయింది. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ 1930లలో ఇక్కడ అధ్యాపకుడుగా పనిచేశాడు. కాళోజీ నారాయణరావు పాతబస్తీ పాఠశాలలోను, ఈ సిటీ కాలేజీలోను కొంతకాలం చదివాడు. సభలో ఎదుటివానిని నిలదీసే కాళోజీ ధోరణిని ఆయన తెలుగు కవిత్వం నుంచి మాత్రమే వివరించే ప్రయత్నాలు అసంపూర్ణంగా కనిపిస్తాయి. ఉర్దూ బడిలో చదివి, ఉర్దూ వక్తల మధ్య పెరిగి, ఆ వాగ్రీతిని తెలంగాణ పలుకుబడిలోకి దించిన తరానికి ఆయన ప్రతినిధి. ప్రశ్నించి, ఆగి, శ్రోత నవ్వేలోపు తానే జవాబు చెప్పే ఆ పద్ధతికి తక్రీరుతో గల చుట్టరికం ప్రత్యేక పరిశోధనకు తగినది. మందుముల నరసింగరావు వంటి తెలుగువాడు 'రయ్యత్' పత్రికను ఉర్దూలో నడపడం కూడా ఈ వాతావరణం ఫలితమే. రాజ్యంలో అధికారులు చదివే భాష అది. ప్రభుత్వం చెవికెక్కాలంటే ఆ భాషలో రాయాలి. తెలుగువాని మాటకు రెండు దారులు ఏర్పడ్డాయి: సర్కారు వినడానికి ఉర్దూ, తనవారు వినడానికి తెలుగు. మొదటి దారికి బడి శిక్షణ ఇచ్చింది. రెండవ దారికి ఎవరు శిక్షణ ఇవ్వాలి?

1921 నవంబరు

ఆ ప్రశ్న బహిరంగమైన సందర్భం అందరికీ తెలిసినదే. 1921 నవంబరులో వివేకవర్ధినీ థియేటరులో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి ధోండో కేశవ కార్వే. ఆంగ్లం, ఉర్దూ, మరాఠీ భాషలలో ప్రసంగాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడడానికి లేచినప్పుడు సభలో అల్లరి, చప్పట్లు, ఎగతాళి. ఆయన కూర్చోవలసి వచ్చింది. ఆ రాత్రే కొందరు ఆంధ్రులు టేకుమాల రంగారావు ఇంట చేరి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. మాడపాటి హనుమంతరావు తన తెలంగాణా ఆంధ్రోద్యమ చరిత్రలో ఈ ఘట్టాన్ని ఉద్యమానికి ఆరంభంగా నిలిపాడు. తరువాతి చరిత్రకారులు దానినే అనుసరించారు.

ఈ ఘట్టాన్ని జాతీయచైతన్యం దృష్ట్యా ఎన్నోసార్లు వివరించారు. విద్యాచరిత్ర దృష్ట్యా చూస్తే దీనిలో మరికొన్ని సంగతులు తేలుతాయి. తెలుగు మాటను ఆ రోజు అడ్డుకొన్నది ప్రభుత్వం కాదు, గస్తీ నిషాన్ కాదు. సంఘసంస్కరణ కోరి వచ్చిన విద్యావంతులు. వారిలో చాలామంది బడులలో, కళాశాలలలో వక్తృత్వమన్నది నేర్చినవారు. అయితే సభలో వినదగిన భాషలు ఫలానావి అని కూడా ఆ చదువే వారికి నేర్పింది. తెలుగు ఇంటిభాష, బజారుభాష, మహా అయితే పురాణం వినే భాష. సభాభాష కాదు అనే అభిప్రాయం చట్టం చేసినది కాదు, బడి చేసినది. ఏ విద్యార్థీ తన తెలుగును బడిసభలో వినకపోతే పెద్దయ్యాక దానిని సభలో వినడం అతనికి వింతగానే ఉంటుంది. ఇందులో మరాఠీవారిని మాత్రమే తప్పుపట్టే వివరణ తేలికైనది. ఆ సభలో తెలుగువారు లేకపోలేదు. తమ భాషలో ప్రసంగాన్ని ఆశించి వారెందరు వచ్చి ఉంటారన్నది ఆలోచించవలసిన విషయం.

ఇంకొక విశేషం. 1928లో మాడపాటి ప్రభృతులు ఆంధ్ర బాలికల పాఠశాలను తెలుగు మాధ్యమంలో నెలకొల్పి ఉన్నత పాఠశాలగా పెంచినప్పుడు, ఉర్దూ మాధ్యమంపై నిలిచిన స్థానిక వ్యవస్థలో దానికి తావు దొరకలేదు. అప్పుడు దానిని అనుబంధించుకొన్నది కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం. తన అధ్యక్షతన జరిగిన సభలో నోరు నొక్కబడిన భాషకు కార్వే సంస్థే కొన్నేండ్లకు పరీక్షాధికారమిచ్చింది. 1921 ఘట్టాన్ని వివరించేవారు ఈ రెండవ భాగాన్ని తరచుగా విడిచిపెడతారు.

జనసంఘం కార్యక్రమాలలో గ్రంథాలయాలు, పఠనమందిరాలు, పాఠశాలలు, ప్రాచీన లిఖితప్రతుల సేకరణ ముఖ్యమైనవి. వీటిలో గ్రంథాలయం చేసిన పని పుస్తకాలివ్వడానికి పరిమితం కాలేదు. వార్షికోత్సవం పేరిట సభ జరపవచ్చు; సారస్వత విషయం పేరిట ఉపన్యాసం ఇప్పించవచ్చు; పత్రికను పదిమందిలో పైకి చదివి చర్చించవచ్చు. అనుమతి కోరే అర్జీలో సారస్వతసభ అన్న మాటకు ఉన్న వెసులుబాటు రాజకీయసభ అన్న మాటకు లేదు. 1930 మార్చిలో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్రమహాసభ నాటికి తెలుగులో గంటల తరబడి తీర్మానాలు ప్రతిపాదించి, సవరించి, వాదించి, నెగ్గించుకోగలిగినవారు ఒక వేదికను నింపేటంతమంది తయారయ్యారు. తొమ్మిదేండ్ల క్రితం ఒక్క వకీలు మాట సాగని నగరం ఇది. ఈ తొమ్మిదేండ్ల శిక్షణకు పాఠ్యప్రణాళిక లేదు, పరీక్ష లేదు. కాని శిక్షణ జరిగింది.

పత్రికారచన విషయంలోనూ దాదాపు ఇదే జరిగింది. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రికను, ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రికను వెలువరించారు. నగరంలో గోలకొండ పత్రిక వచ్చాక పల్లెల నుంచి వార్తలు, లేఖలు రాసేవారికి ఒక స్థానం దొరికింది. సంపాదకుడు దిద్ది అచ్చువేసిన తన వార్తను తిరిగి చదువుకోవడమే విలేఖరికి పాఠం. 1934లో 354 మంది కవులతో వచ్చిన గోలకొండ కవుల సంచిక సాహిత్యచరిత్రలో ప్రసిద్ధమే. పత్రికాచరిత్ర దృష్ట్యా అందులో మరొక విశేషముంది. ఒక నిందకు జవాబుగా సాక్ష్యాలు సేకరించి, క్రమపరచి, పాఠకుల ముందు పెట్టిన సంకలనమది. వాదవిద్యకు అంతకంటె మంచి ఉదాహరణ ఆ దశాబ్దంలో మరొకటి చూపడం కష్టం.

భాగ్యరెడ్డివర్మ పాఠశాలలు

ఈ చరిత్రలో బడి, ఉపన్యాసం, పత్రిక మూడింటినీ ఒక చేతిమీద నడిపిన వ్యక్తి ఒకడున్నాడు. ఆంధ్రోద్యమ చరిత్రలలో ఆయనకు దక్కిన పుటలు తక్కువ. 1888లో హైదరాబాదులో పుట్టిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డివర్మగా 1906లో జగన్మిత్ర మండలిని, 1911లో మన్యసంఘాన్ని స్థాపించాడు. 1910 నుంచి ఇసామియా బజారు, లింగంపల్లి మొదలుకొని ఆది హిందూ బాలబాలికల కోసం పాతికకు పైగా పాఠశాలలు నెలకొన్నాయి. పెద్దలకు హరికథలు, భజనలు ద్వారా. పిల్లలకు బడి ద్వారా. చదువరులకు 1930లలో నడిచిన భాగ్యనగర్ పత్రిక ద్వారా ఆయన ప్రచారం సాగింది. 'వెట్టి మాదిగ' రచన వెలువడింది ఆ పత్రికలోనే. 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడుగా వెళ్లి, అది పంచమ మహాసభ కాదు, ఆది ఆంధ్ర మహాసభ అని పేరు మార్పించిన వక్త ఆయన. ఆయన జీవితంలో ఇచ్చిన ఉపన్యాసాల సంఖ్యను మూడువేలకు పైగా చెబుతారు.

అగ్రవర్ణ విద్యావంతునికి తెలుగులో సభాప్రసంగం కొత్త కావడానికి కారణం అతడు ఉర్దూ, ఆంగ్లాలలో చదవడం. భాగ్యరెడ్డివర్మ శ్రోతలకు ఆ చదువు దక్కనే లేదు. కనుక వారిముందు తెలుగు మాట్లాడడం భాషోద్యమం కాదు, మరో మార్గం లేని అవసరం. సభాభాషగా తెలుగు నిలబడిన తొలి చోట్లలో ఆ బస్తీ సభలను, హరికథలను లెక్కించకపోవడం మన చరిత్రరచనలోని లోపం. 1921ని ఆరంభంగా పెట్టుకొన్నందువల్ల కలిగిన లోపమిది. అంతకు పదిహేనేండ్ల ముందే నగరంలో తెలుగు ఉపన్యాసం నడుస్తున్నది. విన్నవారు వేరు కావడం చేత అది లెక్కకు రాలేదు.

తెలుగు వచ్చిన తరువాత

1938 నవంబరులో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహంలో వందేమాతరం పాడడంపై నిషేధం, దాని పర్యవసానంగా వందలాది విద్యార్థుల బహిష్కరణ, వారిలో చాలామంది నాగపూరు చేరడం, ఇవన్నీ విదితాలే. 1943లో నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడి తెలుగు పరీక్షలు నడిపింది. ఉర్దూకు 1931 నుంచి ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ ఉంది. అది కూడా పరీక్షలు నడిపింది. నగరంలో ఎదురెదురుగా రెండు భాషల సంస్థలు ప్రభుత్వపాఠశాల ఇవ్వనిదానిని ఇవ్వడానికి పూనుకొన్నాయి. ఈ రెండింటినీ కలిపి చూసే అధ్యయనం రెండు భాషలు తెలిసినవారే చేయగలరు. అటువంటి పండితుల సంఖ్య ఏటేటా తగ్గుతున్నది.

1948 సెప్టెంబరు తరువాత తెలుగు మాధ్యమానికి తలుపులు తెరుచుకొన్నాయి. తెలుగులో బోధించగల ఉపాధ్యాయుల కొరత పేరిట బయటి ప్రాంతాలవారి నియామకాలు సాగాయి. 1952 వేసవి తరువాత వరంగల్లులో మొదలైన ముల్కీ ఆందోళన ఉపాధ్యాయ నియామకాల మీదనే రేగడం యాదృచ్ఛికం కాదు. అది ఉద్యోగాల తగవుగా మాత్రమే చరిత్రకెక్కింది. తరగతిగదిలో ఎవరి తెలుగు తెలుగు అనే తగవు కూడా దానిలో ఇమిడి ఉంది. తెలుగు వచ్చింది గాని పిల్లవాని నోటి తెలుగు రాలేదు. నిన్నటిదాకా ఉర్దూ ముందు తలవంచుకొన్న మాట ఇప్పుడు గ్రంథస్థమైన మరొక తెలుగు ముందు తలవంచుకోవలసి వచ్చింది. సెప్టెంబరు 3న సిటీ కాలేజీ వద్ద విద్యార్థులు గుమికూడారు. పోలీసు కాల్పులు జరిగాయి. ప్రాణనష్టం కలిగింది. మరునాడూ నగరం చల్లబడలేదు. విచారణ బాధ్యతను న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డికి అప్పగించారు. అప్పటి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. ఆంధ్ర జనసంఘం నాటి నుంచి తెలుగు మాటకు సభలో చోటు కోసం పనిచేసినవారిలో ఆయన ఒకడు. ఉర్దూ, పార్శీ, తెలుగు, సంస్కృతాలలో నిష్ణాతుడు. పాలకుడైన మొదటి ఏటనే విద్యార్థుల నినాదానికి తుపాకి జవాబైన పరిస్థితి ఆయన కాలంలోనే రావడం తెలంగాణ చరిత్రలోని విషాదాలలో ఒకటి.

రెండేండ్లకు, 1954లో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పత్రికారచనాశాఖ ప్రారంభమైంది. దక్షిణ భారతదేశంలో ఈ రంగంలో తొలి శాఖలలో అది ఒకటి. దానిని నెలకొల్పిన ఆచార్యుడు డి ఫారెస్ట్ ఒడెల్ అమెరికావాడు. అమెరికాలో పత్రికావిద్య చరిత్రపై 1935లో గ్రంథం వెలువరించినవాడు. పాఠశాల నుంచి విశ్వవిద్యాలయం దాకా పత్రికారచన పాఠ్యవిషయంగా ఎట్లా ఎదిగిందో ఆయనకు బాగా తెలుసు. హైదరాబాదులో మాత్రం ఆ మెట్లలో పైమెట్టు మాత్రమే కట్టడం జరిగింది. అదీ ఆంగ్లంలో. ఉన్నత పాఠశాలలో దానికి పునాది పడలేదు. పాఠశాలలో ఈ విద్యలకు దక్కిన చోటు సహపాఠ్య కార్యక్రమాలది: శనివారం సాయంత్రపు సభ, స్వాతంత్ర్య దినోత్సవపు వక్తృత్వపోటీ, నోటీసుబోర్డు పక్కన గోడపత్రిక, ఓపిక గల తెలుగు పండితుడుంటే ఒక లిఖిత మాసపత్రిక. పండితుడు బదిలీ అయితే పత్రికా ఆగిపోతుంది. పోటీలో బహుమతి పొందేది తరచుగా పండితుడు రాసిచ్చి, పిల్లవాడు కంఠస్థం చేసిన ఉపన్యాసం. దానిని వక్తృత్వమనడం కంటె వల్లెవేత అనడం న్యాయం. రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల బాలానందం పిల్లల గొంతుకు ఇచ్చిన స్వేచ్ఛ ఆ కాలపు బడి ఇవ్వలేదు.

వాచకంలో సంపాదకీయం

తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చిన పదవ తరగతి తెలుగు వాచకంలో ఈ దృష్ట్యా రెండు పాఠాలు గుర్తింపదగినవి. ఒకటి 'లక్ష్యసిద్ధి'. రాష్ట్రావతరణ సందర్భంగా దినపత్రికలో వచ్చిన సంపాదకీయమే పాఠం. ప్రక్రియగా సంపాదకీయాన్ని పరిచయం చేయడం దాని ఉద్దేశం. రెండవది సామల సదాశివ రచన 'ఎవరి భాష వాళ్ళకు వినసొంపు'. ఉర్దూ, తెలుగు నుడికారాలు రెండూ ఎరిగిన రచయిత చెప్పినందువల్ల ఆ మాటకు పాతబస్తీ తరగతిగదిలో అదనపు అర్థమేర్పడుతుంది. అదే వాచకంలో 'భాగ్యోదయం' పేరిట భాగ్యరెడ్డివర్మ జీవితం కూడా పాఠమైంది. అభ్యాసాలలో కరపత్రం, లేఖ, సంభాషణ, ముఖాముఖి ప్రశ్నావళి వంటివి కోరడం పాత వాచకాలతో పోలిస్తే పెద్ద మార్పు. అయితే ఇవన్నీ చివరకు రాతపరీక్షలో రాయవలసినవే. సంభాషణను రాస్తారు, ప్రసంగాన్ని రాస్తారు, ముఖాముఖిలో అడిగే ప్రశ్నలనూ రాస్తారు. ఎదుటి మనిషిని అడిగి జవాబు విని మళ్లీ అడగడం అనే క్రియకు వార్షికపరీక్షలో చోటు లేదు.

పాతబస్తీ ప్రభుత్వ పాఠశాలలలో ఒకే ప్రాంగణంలో ఉర్దూ, తెలుగు, ఆంగ్ల మాధ్యమాల తరగతులు నడవడం కొత్త కాదు. 2018 నాటి చట్టం తెలుగును అన్ని పాఠశాలలలో తప్పనిసరి పాఠ్యవిషయం చేసింది. 2022–23 నుంచి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమం వ్యాపించి, ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో మరో భాష ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఫలితంగా ఈనాడు తెలుగు తరగతిలో కూర్చున్నవారిలో ఇంట దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలు గణనీయంగా ఉంటారు. నూరేండ్ల క్రితం తెలుగు పిల్లవాడు ఉర్దూ తరగతిలో ఎక్కడ కూర్చున్నాడో వారిప్పుడు తెలుగు తరగతిలో అక్కడ కూర్చున్నారు. వారి నోటి తెలుగులో యాస వినిపిస్తుంది. లింగభేదం, బహువచనం తడబడతాయి. వక్తృత్వపోటీకి పేర్లు అడిగినప్పుడు వెనుక బల్లలు మౌనం వహిస్తాయి. తెలుగు తప్పనిసరి చేసినంతమాత్రాన తెలుగులో మాట్లాడే హక్కు వచ్చినట్లు కాదని ఆంధ్ర జనసంఘంవారికి వేరే చెప్పనక్కరలేదు. బైత్‌బాజీలో ఆరితేరిన పిల్లవానికి శతకపద్యాలతో అదే ఆట ఆడించడం పెద్ద ఖర్చుతో కూడిన సంస్కరణ కాదు. గోడపత్రికలో సగం ఉర్దూ, సగం తెలుగు పెట్టి ఒకరి వార్తను మరొకరిచేత అనువదింపజేయడమూ అంతే.

2020 జాతీయ విద్యావిధానం పాఠ్య, సహపాఠ్య విషయాల మధ్య కఠినమైన విభజన ఉండరాదన్నది. దీనికి చాలా ముందే జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి హిందీ విషయంలో ఒక పని చేసింది. పదకొండు, పన్నెండు తరగతుల హిందీ విద్యార్థుల కోసం 'అభివ్యక్తి ఔర్ మాధ్యమ్' అనే పుస్తకాన్ని ప్రచురించింది. వార్త ఎట్లా రాయాలి, ముఖాముఖి ఎట్లా జరపాలి, రేడియోకు, టెలివిజనుకు, అచ్చుకు రాసే తీరులో భేదమేమిటి అనే సంగతులు అందులో భాషాపాఠంలో భాగంగానే ఉన్నాయి. మన ఇంటర్మీడియట్ ద్వితీయభాషా తెలుగు పాఠ్యప్రణాళిక ప్రధానంగా ప్రాచీన పద్యం, ఆధునిక పద్యం, గద్యం, ఉపవాచకం, వ్యాకరణం అనే విభజనపై నడుస్తూ వచ్చింది. పత్థర్‌గట్టీ వీధిలో పక్కపక్క ఇళ్లలో ఉండే ఇద్దరు పదహారేండ్ల పిల్లలలో హిందీ తీసుకొన్నవాడు కేంద్ర పాఠశాలలో వార్తకు శీర్షిక పెట్టడం అభ్యసిస్తుంటే, తెలుగు తీసుకొన్నవాడు సిటీ కాలేజీకి కూతవేటు దూరంలోని కళాశాలలో పద్యానికి ప్రతిపదార్థం రాస్తుంటాడు.